ఆ కాస్త జాగా మిగలాలి

పోయిన నెల ఈ శీర్షికలో ట్రాక్టర్ బోల్తా పడటం గురించి నాలుగు వాక్యాలు రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఇంతవరకూ దేనికీ రాలేదు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై నాలుగేళ్లు ట్రాక్టర్లు బాగుచేసిన మనిషిని. ఇంజన్ల గురించి అడిగితే సంతోషంగా చెబుతాను. ఈ ఉత్తరాలు చదువుతుంటే మాత్రం గుండె బరువెక్కింది. అందుకే ఈ నెల పేజీ అంతా దీనికే ఇస్తున్నాను. మైలేజీ గురించి, ఆయిల్ లీకుల గురించి రాసినవాళ్లు వచ్చే నెల దాకా ఆగాలి.

ప్రశ్న: నిరుడు 45 హెచ్‌పీ ట్రాక్టర్ కొన్నాం. సీటు వెనక ఇనుప కమాను ఒకటి బిగించి ఇచ్చారు. అది మా పశువుల కొట్టం చూరుకి తగులుతోంది, మామిడి తోటలో కొమ్మలు పట్టుకుంటోంది. మావాడు దాన్ని ఊడదీసి గోడకి ఆనించాడు. ఎండకి పైన రేకు టాప్ వేయించుకుందాం, అదే చాలంటున్నాడు. ఆ కమాను నిజంగా పనికొస్తుందా? ఊరికే ధర పెంచడానికి పెట్టారా?
– ఒక రైతు, కంకిపాడు మండలం

జవాబు: ముందు ఈ పత్రిక పక్కన పెట్టి, గోడకి ఆనించిన ఆ కమానుని తిరిగి బిగించండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

దాన్ని రోల్ బార్ అంటారు. కంపెనీ పుస్తకంలో రోప్స్ అని రాసి ఉంటుంది. బండి తిరగబడితే డ్రైవర్‌ని కాపాడే చట్రం అన్నమాట. బండి పక్కకి పడినా తలకిందులైనా, సీట్లో ఉన్న మనిషి చుట్టూ ఆ మనిషి పట్టేంత జాగా మిగల్చడం ఒక్కటే దాని పని. రెండు టన్నుల ఇనుము మీదికి వస్తున్నప్పుడు ఆ కాస్త జాగా ఉంటే బతుకు, లేకపోతే లేదు.

ఊరికే పెట్టింది కాదని ఎందుకంటున్నానో చెబుతాను. ఈ బార్లని పరీక్షించడానికి ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ నియమాలు రాసింది. బార్‌ని బండి చట్రానికి బిగించి, హైడ్రాలిక్ జాకీతో వెనకనుంచి తోస్తారు, పక్కనుంచి తోస్తారు, పైనుంచి అదుముతారు. పక్కనుంచి తోసేటప్పుడు బండి బరువులో ప్రతి కిలోకీ 1.75 జూళ్ల చొప్పున శక్తిని బార్ మింగుకోవాలి. రెండు టన్నుల బండికైతే 3500 జూళ్లు. పైనుంచి అదిమేటప్పుడు బండి బరువుకి రెట్టింపు, అంటే నాలుగు టన్నుల ఒత్తిడి ఓర్చుకోవాలి. ఇంత చేసినా డ్రైవర్ కోసం గీసిపెట్టిన జాగాలోకి బార్‌లో ఏ ముక్కా రాకూడదు. వచ్చిందా, బార్ తప్పినట్టే.

ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బార్ కొంత వంగాలి. వంగడంలోనే అది దెబ్బని మింగుతుంది. అసలు వంగకుండా రైలు పట్టాలాగా గట్టిగా ఉంటే ఆ దెబ్బంతా బోల్టులకీ, ఇరుసుని కప్పి ఉంచే యాక్సిల్ హౌసింగ్‌కీ పోతుంది, అవి పగులుతాయి. మరీ మెత్తగా ఉంటే మనిషి మీదికి మడత పడుతుంది. ఈ రెంటికీ మధ్య లెక్క చూసుకుని ఇనుము రకం, మందం, బోల్టుల గ్రేడు నిర్ణయిస్తారు. వెల్డింగ్ షాపులో కంటిచూపుతో తేలే లెక్క కాదు ఇది.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక రైతు వచ్చి, తమ్ముడూ, బండికి ఏదో ఒక కమాను వెయ్యి అన్నాడు. రెండంగుళాల నీళ్ల పైపు వంచి, అడుగున పట్టీలు వెల్డింగ్ చేసి మడ్‌గార్డులకి బిగించాను. చూడటానికి బాగానే ఉంది. మూడో ఏడు ఆయన బండి ఉయ్యూరు దారిలో వెనక తగిలించిన చెరుకు ట్రక్కుతో సహా పక్కకి పడింది. నా పైపు సరిగ్గా వెల్డింగ్ పక్కనే విరిగింది. మడ్‌గార్డు రేకు కాగితంలా చిరిగింది. మెత్తటి చేలో పడబట్టి ఆయన ప్రాణంతో బయటపడ్డాడు, కుడి చెయ్యి మాత్రం మోచేతి దగ్గర పోయింది. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత మళ్లీ ఏ బండికీ నేను కమాను కట్టలేదు, ఎంత ఇస్తామన్నా.

మీవాడు చెప్పే రేకు టాప్ దీనికన్నా పల్చన. అది ఎండకీ వానకీ, అంతే. బండి పడితే ముందు మడత పడేది అదే. కావాలంటే బార్ ఉంచుకుని, ఆ బార్‌కి చిల్లులు వేయకుండా, వెల్డింగ్ చెయ్యకుండా, కంపెనీ వాళ్లు ఇచ్చే టాప్ తగిలించుకోండి. బార్‌కి డ్రిల్ పెట్టినా, వెల్డింగ్ వేడి తగిలినా ఆ చోట ఇనుము బలం మారిపోతుంది.

ఇక కొట్టం చూరు సంగతి. మీరు రాసిన వివరాలు చూస్తే మీది మడిచే రకం బార్ అనిపిస్తోంది. రెండు పక్కలా పిన్నులు ఉంటాయి, తీస్తే పైభాగం వెనక్కి వాలుతుంది. కొట్టంలోకి వెళ్లేటప్పుడు వాల్చండి, బయటికి రాగానే లేపి పిన్నులు పెట్టండి. మామిడి తోటలో కొమ్మలు మరీ కిందికి ఉంటే ఆ చదును నేలలో, నిదానంగా నడిపినంతసేపు వాల్చుకోవచ్చు. వాల్చి ఉన్నంతసేపు బెల్టు పెట్టుకోకూడదు. తోట దాటి గట్టెక్కే ముందు మాత్రం బండి ఆపి దిగి బార్ లేపాలి. ఆ దిగడానికి బద్ధకించే చోటే ప్రమాదం ఉంది. మీవాడికి ఈ ఒక్క ముక్క గట్టిగా చెప్పండి.

స్వీడన్ దేశంలో కొత్త ట్రాక్టర్ ఏదైనా ఇలాంటి చట్రంతోనే అమ్మాలని 1959లోనే చట్టం చేశారు. క్రమంగా పాత బండ్లకీ పెట్టించారు. అక్కడ ట్రాక్టర్ కింద నలిగి చనిపోయేవాళ్లు ఏటేటా తగ్గుతూ దాదాపు లేకుండా పోయారు. వాళ్ల నేల మన నేలకన్నా మెత్తనేం కాదు, వాళ్ల డ్రైవర్లు మన డ్రైవర్లకన్నా మొనగాళ్లూ కాదు.

ప్రశ్న: మావారు ట్రాక్టర్ కిరాయికి తోలతారు. తొలకరి మొదలైతే దమ్ములతో ఇంటికి రాత్రి పదింటికి గానీ రారు. బండికి బార్ ఉంది, సీటుకి బెల్టు ఉంది. బెల్టు పెట్టుకోమంటే, కాలువలో పడితే ఆ బెల్టే నన్ను ముంచుతుంది, లేకపోతే దూకి బయటపడతాను అంటారు. ఆయన వచ్చేదాకా నాకు టెన్షన్. ఎవరి మాట నిజం?
– ఒక గృహిణి, దుగ్గిరాల మండలం

జవాబు: అమ్మా, మీ ఆయన భయం ఉత్తిది కాదు. కొమ్మమూరు కాలువ కట్ట మీద రోజూ తిరిగే మనిషికి నీళ్ల భయం లేకపోతేనే తప్పు. అయితే దూకి బయటపడతాను అనే మాట మాత్రం నిజం కాదు. అది నా కళ్లతో చూశాను.

1989 శ్రావణం. నాకు పదిహేడేళ్లు. మా బాబాయి దమ్ము చేస్తుంటే బండి దిగబడింది. దమ్ము కోసం తగిలించే ఇనుప చక్రాలు, కేజీ వీల్స్, సగం దాకా బురదలో ఉన్నాయి. అందరూ చేసేదే చేశాం. తాటిమొద్దు తెచ్చి వెనక చక్రాల ముందు గొలుసుతో కట్టాం. ఆ గొలుసు ఒక కొస పట్టుకుంది నేనే. బాబాయి ఎక్కి గేరు వేసి ఒక్కసారిగా క్లచ్ వదిలాడు. చక్రాలు కదల్లేదు. బండి ముందుభాగం గుర్రం లేచినట్టు లేచింది. నేను బాబాయ్ అని అరిచాను. ఆ అరుపు పూర్తయ్యేలోపే బండి వెనక్కి తిరగబడిపోయింది. ఆయన చెయ్యి ఇంకా స్టీరింగ్ మీదే ఉంది. దూకడానికి ప్రయత్నించినట్టు కూడా లేదు.

అలా ఎందుకు జరుగుతుందో మెకానిక్ అయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. ఇంజన్ బలం వెనక ఇరుసు ద్వారా చక్రాలని తిప్పుతుంది. చక్రాలకి తిరిగే వీలుంటే బండి ముందుకి పోతుంది. చక్రాలు బిగిసిపోతే ఆ బలం ఎటో ఒకటు పోవాలి కదా. అప్పుడు ఇరుసు చుట్టూ బండే తిరుగుతుంది. ముందుచక్రాలు నేల విడిచాక, ఇక వెనక్కి రాలేని ఎత్తుకి చేరడానికి సుమారు ముప్పావు సెకను. పూర్తిగా తిరగబడటానికి సెకనున్నర. ముందు లేస్తోందని మనిషి గుర్తుపట్టి, కాలు క్లచ్ మీదికి తీసుకెళ్లేసరికే ఆ ముప్పావు సెకను అయిపోతుంది. ఇక సీట్లోంచి లేచి, మడ్‌గార్డు దాటి, దూకి, బండి పడే చోటు నుంచి తప్పుకోవడం ఎవరి వల్లా కాదు. పక్కకి ఒరిగినప్పుడు దూకినవాళ్లు తరచూ బండి పడే వైపుకే దూకుతారు, ఎందుకంటే బండి విసిరేది అటే.

బార్ ఉండి బెల్టు లేకపోతే ఏమవుతుందో మీ ఆయనకి చెప్పండి. బార్ సీటు చుట్టూ జాగా కాపాడుతుంది. మనిషి ఆ జాగాలో లేకపోతే అది కాపాడేది ఖాళీ సీటుని. పైగా, బయటికి విసిరేసిన మనిషి మీద ఆ బారే వచ్చి పడొచ్చు. బార్, బెల్టు రెండూ ఉంటే బోల్తా పడినప్పుడు డ్రైవర్‌కి ప్రాణాపాయం, పెద్ద గాయాలు తప్పడం 99 శాతం దాకా ఉంటుందని అమెరికాలో పనిచోటు భద్రత మీద పరిశోధించే ప్రభుత్వ సంస్థ అంచనా. అందులో బెల్టు వాటా తీసేస్తే ఆ లెక్క నిలబడదు. ఇంకొకటి, నిటారుగా ఉన్న బార్ చాలాసార్లు బండిని పక్కకి పడిన చోటే ఆపేస్తుంది, పూర్తిగా తలకిందులు కానివ్వదు. కాలువ పక్కన అది చిన్న విషయం కాదు.

నీళ్ల భయానికి మందు బెల్టు విప్పెయ్యడం కాదు, కాలువ అంచుకి పోకపోవడం. మేం పాటించే కొలత ఒకటుంది. కాలువ ఎంత లోతో, గట్టు అంచు నుంచి చక్రం కనీసం అంత దూరంలో ఉండాలి. ఆరడుగుల లోతు కాలువకి ఆరడుగులు. వాన పడ్డాక, ఎలుకలు తవ్విన చోట, కలుపు మూసేసి అంచు కనిపించని చోట ఇంకా ఎక్కువ. అంత చోటు లేని కట్ట మీద బండి పోనివ్వకూడదు, చుట్టు తిరిగి పోయినా సరే. బెల్టు విప్పడం అలవాటు చేసుకోమనండి. సాయంత్రం బండి ఆపాక సీట్లో కూర్చుని కళ్లు మూసుకుని బటన్ నొక్కి విప్పడం, ఒక పది రోజులు చేస్తే చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది. బురద పట్టి బటన్ బిగిసిపోతుంటే నీళ్లతో కడగాలి, అప్పటికీ రాకపోతే బెల్టు మార్చాలి.

దిగబడితే మొద్దు కట్టొద్దు. ముందు రివర్స్‌లో రావడానికి చూడాలి, చక్రాల వెనక బురద పారతో తీసి. అలా రాకపోతే ఇంకో బండి పిలిపించుకోవాలి. లాగే బండికి గొలుసు వెనక అడుగున ఉండే డ్రాబార్‌కే, కిందకే కట్టాలి. పైన ఉండే టాప్ లింక్ దగ్గర కడితే లాగే బండి కూడా ముందు లేస్తుంది. ఒకరిని కాపాడబోయి ఇద్దరు పోయేది అలాగే.

ప్రశ్న: నాది 1996 మోడల్ బండి. బార్ లేదు. సీటు బెల్టు ఒక్కటైనా వేయించుకోమని మా అల్లుడు పోరుతున్నాడు. ఏం చెయ్యాలి?
– ఒక రైతు, ప్రత్తిపాడు, గుంటూరు జిల్లా

జవాబు: అల్లుడి ప్రేమ మంచిదే గానీ ఆ పని చెయ్యకండి. బార్ లేని బండికి బెల్టు పెట్టుకోకూడదు. తిరగబడితే బెల్టు మిమ్మల్ని బండికి కట్టేస్తుంది, పైన జాగా మిగల్చడానికి ఏమీ ఉండదు. రెండూ ఉండాలి, లేదా రెండూ ఉండకూడదు.

బండి మోడల్ నంబరు, ఛాసిస్ నంబరు రాసుకుని డీలర్ దగ్గరికి వెళ్లండి. ఆ మోడల్‌కి పరీక్ష చేసిన బార్ దొరుకుతుందా అని అడగండి. దొరికితే దానితో వచ్చిన బోల్టులతోనే బిగించమనండి. వాటి తల మీద గ్రేడు అంకె ఉంటుంది. అవి హై టెన్సైల్ బోల్టులు, ఆటోనగర్‌లో దొరికే మామూలు బోల్టు వాటి చోట వెయ్యకూడదు. మరో మోడల్ బార్ తెచ్చి పట్టీలు వెల్డింగ్ చేసి పట్టిస్తామంటే ఒప్పుకోకండి.

దొరక్కపోతే నా సలహా సూటిగా చెబుతాను, ఖర్చయినా సరే. ఆ బండిని చదును చేలో పనికి ఉంచుకోండి. కట్ట మీదికి, బరువు ట్రక్కుకి, దమ్ముకి తియ్యకండి. వెనక చక్రాలని మీ పని ఒప్పుకున్నంత వెడల్పుకి జరిపించుకోండి, బండి కాళ్లు ఎడంగా పెట్టుకుని నిలబడినట్టవుతుంది. రోడ్డెక్కే ముందు రెండు బ్రేక్ పెడళ్లనీ కలిపే కొక్కెం వెయ్యండి. అది వెయ్యకుండా స్పీడులో ఒక పెడల్ తొక్కితే ఒక చక్రమే ఆగుతుంది, బండి గిర్రున తిరిగి పడుతుంది. నా షెడ్డుకి వచ్చిన బోల్తా బండ్లలో ఆ కొక్కెం తుప్పు పట్టి ఊడిపోయినవి ఎన్ని చూశానో. మలుపులో స్పీడు రెట్టింపయితే పక్కకి విసిరే బలం నాలుగు రెట్లవుతుంది, ఇది కూడా మనసులో పెట్టుకోండి.

ప్రశ్న: సార్, నాకు ఓపెన్ జీపు ఉంది. సీట్ల చుట్టూ పైపులతో రోల్ కేజ్ కట్టించాను. కొండపల్లి ఖిల్లా దారిలో ఫ్రెండ్స్‌తో తిరుగుతుంటాం. ఇప్పుడిక సేఫ్ కదా?
– ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: కాదు తమ్ముడూ. నీ ఫొటో చూశాను. పైపులు లోపలి రేకుకి చిన్న పట్టీలతో బిగించారు. రేకు చిరిగితే కేజ్ మొత్తం ఊడి వస్తుంది. ర్యాలీ కార్లకి పైపులు చట్రానికి పట్టిస్తారు, ఆ చోట మందమైన ప్లేటు వేస్తారు. అంతకన్నా ముఖ్యమైనది, ర్యాలీ డ్రైవర్ హెల్మెట్ పెట్టుకుంటాడు, భుజాల మీదుగా వచ్చే బెల్టులతో సీటుకి బిగించుకుని కూర్చుంటాడు. నీ జీపులో నీ తలకి జానెడు దూరంలో గట్టి ఇనుప పైపు ఉంది. బోల్తా దాకా అక్కర్లేదు, మామూలుగా ఎవరినో గుద్దినా తల దానికే కొట్టుకుంటుంది. పైగా కంపెనీ ఇచ్చిన రూపం మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తప్పు. దాన్ని తీయించెయ్యి. వెనక నిలబడి తిరిగే ఫ్రెండ్స్‌ని కూర్చోబెట్టు, అందరికీ బెల్టులుండే బండిలోనే కొండెక్కండి.

ప్రశ్న: నేను క్వారీలో జేసీబీ ఆపరేటర్‌ని. క్యాబిన్ స్తంభానికి ఫ్యాన్ స్టాండ్ వెల్డింగ్ చేయించమంటే మా ఓనర్ వద్దంటున్నాడు. ఇంత చిన్నదానికి ఏమవుతుంది?
– ఒక ఆపరేటర్, ఫిరంగిపురం

జవాబు: మీ ఓనర్ మాటే వినండి. ఆ స్తంభాలే మీ బండికి రోల్ బార్. క్యాబిన్ లోపల చిన్న ప్లేటు ఉంటుంది, దాని మీద బోల్తా రక్షణ ప్రమాణం ఐఎస్ఓ 3471 అన్న అంకె, బండి బరువు ఎంతవరకు అన్నది చెక్కి ఉంటాయి. రాళ్లు పైన పడితే ఆపే కప్పుకి ఐఎస్ఓ 3449 అని ఇంకో అంకె. వెల్డింగ్ పడితే ఆ ప్లేటు మీద రాసింది చెల్లదు. ఫ్యాన్‌ని క్లాంపుతో బిగించుకోండి. క్వారీ ఎండలో ఫ్యాన్ లేకుండా పని చెయ్యమని నేనూ అనను.

ప్రశ్న: రాత్రి బస్సుల్లో హైదరాబాద్ వెళ్తుంటాను. బస్సులకి ఇలాంటి రక్షణ ఉంటుందా?
– ఒక ఉద్యోగి, గుంటూరు

జవాబు: ఉంటుంది, పైకి కనిపించదు. కిటికీల మధ్య స్తంభాలు, పైన కమ్మీలు, అడుగు చట్రం కలిసి వరుసగా కమానుల్లాగా ఉంటాయి. ఐక్యరాజ్యసమితి 66వ నంబరు నియమం ప్రకారం, పరీక్ష కోసం బస్సుని 800 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి పక్కకి ఒరిగించి గుంటలోకి పడేస్తారు. లోపల ప్రయాణికుల కోసం గుర్తుపెట్టిన జాగాలోకి ఏదీ చొచ్చుకు రాకూడదు. మన దేశంలో బస్సులకి ఏఐఎస్ 031 అని ఇలాంటి ప్రమాణమే ఉంది. మీ వంతుగా చెయ్యగలిగింది ఒకటే, సీటుకి గానీ బెర్తుకి గానీ బెల్టు ఉంటే పెట్టుకోండి. చాలామంది దాన్ని పరుపు కిందికి తోసేస్తారు, చెయ్యి పెట్టి బయటికి తియ్యండి.

ప్రశ్న: నేను మిరపకాయ కోతకి ఆడవాళ్లని తీసుకెళ్లే మేస్త్రిని. ఇరవై అయిదు మంది దాకా ఉంటాం. రైతు ట్రాక్టర్ ట్రక్కు పంపిస్తే దాంట్లో వెళ్తాం. పోయిన ఏడు మా పక్క ఊరి ట్రక్కు పడింది. ఈ ఏడు రైతు కొత్త బండి కొన్నాడు. దీనికి బార్ ఉంది, పడినా ఏం కాదు అంటున్నాడు డ్రైవర్. నమ్మొచ్చా? ట్రక్కులో చోటు చాలక ఇద్దరిని మడ్‌గార్డ్ల మీద కూర్చోబెడుతున్నాం.
– ఒక మహిళా మేస్త్రి, గుంటూరు జిల్లా

జవాబు: నమ్మొద్దమ్మా. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను నిద్రపోనివ్వనిది మీదే.

డ్రైవర్ అబద్ధం చెప్పాడని అనను, అతనికి తెలియదు. ఆ బార్ కాపాడేది ఒక్క సీటుని. అతని సీటుని. మడ్‌గార్డు మీద కూర్చున్న ఇద్దరూ బార్ కాపాడే జాగాకి బయట ఉన్నారు. బండి పక్కకి పడితే ముందుగా నేలని తాకేది ఆ మడ్‌గార్డే. అడ్డంగా గుంతలో కుదుపు వచ్చినా జారి పడేది వెనక పెద్ద చక్రం కిందికే. ఇవాళ్టి నుంచే ఆ ఇద్దరినీ దించెయ్యండి. బయటికి పడవేసుకున్న కాళ్లకి పక్కనే చక్రం తిరుగుతుంటుంది, కొంగు చిక్కుకున్నా చాలు.

ట్రక్కు సంగతి ఇంకా ఘోరం. ట్రాక్టర్ నిలబడి ఉండగానే ట్రక్కు ఒక్కటే తిరగబడొచ్చు, రెంటినీ కలిపేది ఒక్క పిన్నే. దానికి బార్ లేదు, బెల్టు లేదు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. మన ట్రక్కుల్లో చాలావాటికి బ్రేకులే ఉండవు. పల్లంలో ట్రాక్టర్ బ్రేకు వేస్తే వెనకనుంచి ట్రక్కు తోసుకొస్తుంది, ట్రాక్టర్ అడ్డం తిరుగుతుంది. మిరపకాయ బస్తాలు అడుగున పరుచుకుని కదలకుండా ఉంటాయి. మనుషులు నిలబడి ఉంటారు, మలుపులో అందరూ ఒకే వైపుకి ఒరుగుతారు. బరువు ఎత్తులో ఉండి, పైగా కదులుతుంటే ట్రక్కు పడటానికి కాలువ అక్కర్లేదు, రోడ్డు దిగితే చాలు. చీకటితో బయలుదేరి చీకటి పడ్డాక తిరిగొచ్చే రోజుల్లో వెనక ఎర్రలైటు కూడా లేని ట్రక్కుని లారీ గుద్దితే బార్ ఏం చేస్తుంది?

ట్రక్కు సరుకుకి. మనుషులని ఎక్కించడం చట్టరీత్యా నేరం. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ డబ్బు కోసం మీ ఆడవాళ్ల ఇంటివాళ్లు ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తుంది.

మీరు అడగబోయేది నాకు తెలుసు. ఇది మానేస్తే పనికి ఎలా వెళ్లాలి అని. మీ చేతిలో ఒక బలం ఉంది. కోత సమయంలో మనుషులు దొరక్క రైతులు మేస్త్రి ఇంటి ముందు నిలబడతారు. కాయ చెట్టు మీదే ఎండిపోతుందని వాళ్ల భయం. కూలి రేటు మాట్లాడే రోజునే, బండి మనుషుల బండి అయితేనే వస్తాం, దాని కిరాయి రైతుదే అని తేల్చి చెప్పండి. ఒక్కరే అంటే వినకపోవచ్చు. చుట్టుపక్కల నలుగురైదుగురు మేస్త్రులు కలిసి ఒకే మాట మీద ఉండండి. మనిషికి ఇంత అని ఆటోకో మినీ వ్యానుకో పంచుకుంటే, ఒక బస్తా ఎండుమిరపకాయల ధర ముందు అది రైతుకి పెద్ద మొత్తం కాదు. యార్డులో ఎండుమిర్చి అమ్ముకునే ఏ రైతుకైనా ఈ లెక్క అర్థమవుతుంది. అయితే ఆటోలో కూడా పట్టినంతమందినే ఎక్కించండి. రెండు ట్రిప్పులు వేస్తే గంట పోతుంది. ఆ గంట కూలిలో కోసుకోకూడదని కూడా ముందే మాట్లాడుకోండి.

డ్రైవర్‌కి ఈ పేజీ చూపించండి. కోపం వస్తే ఆటోనగర్‌లో నా షెడ్డుకి పంపండి. ఒక మూలన ఆ విరిగిన పైపు కమాను ఇప్పటికీ ఉంది. దాన్ని చూపించి, టీ ఇప్పించి మాట్లాడతాను.